కడుపు నింపే కూరగాయల సేమియా సూప్

జ్వరం తగ్గిన వారికి, ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లిన వారికి ఏమి పెట్టాలని బంధువులు మమ్మల్ని అడుగుతుంటారు. చాలామంది తెచ్చేది కూరగాయలు ఉడికించి వడగట్టిన నీళ్లు, లేదా ప్యాకెట్ నూడుల్స్. వడగట్టిన నీటిలో మాంసకృత్తులు దాదాపు ఉండవు. ప్యాకెట్ నూడుల్స్‌లో మసాలా పొడితో కలిపి చాలావాటిలో సుమారు 2 గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దవారికి రోజంతటికీ 5 గ్రాముల లోపే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. నీరసించిన ఒంటికి సత్తువ రావాలంటే సూప్‌లో పప్పు ఉండాలి. కూరముక్కలను పారవేయక తినాలి.

కావలసినవి (నలుగురికి)

పెసరపప్పు 150 గ్రాములు, గోధుమ సేమియా 150 గ్రాములు, క్యారెట్లు 2, బీన్స్ 10, ఆనపకాయ ముక్కలు 1 కప్పు, క్యాబేజీ తరుగు 1 కప్పు, టమాటాలు 2, ఉల్లిపాయ 1, గుప్పెడు మునగాకు, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర, మిరియాల పొడి, నూనె 2 చెంచాలు, ఉప్పు 1 చిన్న చెంచా, నిమ్మకాయ 1. సీతమ్మధార, ఎం.వి.పి. కాలనీ, గాజువాక రైతు బజార్లలో ఈ కూరలన్నీ దొరుకుతాయి.

చేసే విధానము

1. పప్పును దోరగా వేయించి, కడిగి, కుక్కరులో మెత్తగా ఉడికించి మెదపండి.
2. నూనెలో జీలకర్ర, అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయ వేయించండి. ముందు క్యారెట్, బీన్స్, తరువాత మిగిలిన కూరలు వేయండి.
3. 6 గ్లాసుల నీరు పోసి 10 నిమిషాలు ఉడికించి, పప్పు, ఉప్పు కలపండి.
4. సేమియాను విరిచి వేసి, మెత్తబడే వరకు ఉంచండి. చివర మునగాకు వేసి 2 నిమిషాలు ఉడకనివ్వండి.
5. దించిన తరువాత మిరియాల పొడి, నిమ్మరసం కలపండి. నిమ్మలోని సి విటమిన్ ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. ఒక గంట ఆగండి.

ఒక్కొక్కరికి సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. స్టీల్ ప్లాంట్‌లో, పోర్టులో నైట్ షిఫ్ట్ చేసి వచ్చే వారికి కూడా ఇది మంచి భోజనం.

గమనించవలసినవి

* ఆసుపత్రికి తెచ్చేటప్పుడు సేమియాను విడిగా ఉడికించి తెండి. ముందే కలిపితే నీరంతా పీల్చుకుని ముద్ద అవుతుంది. వేడి సూప్‌ను ఫ్లాస్కులో తెచ్చి, తినే ముందు కలపండి.
* మన ఊరి ఉక్కలో వండినది 2 గంటలకు మించి బయట ఉంచవద్దు. మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టి, మరుసటి రోజు ఒక్కసారే బాగా మరిగించి తినండి.
* షుగర్ ఉన్నవారు సేమియా సగానికి తగ్గించి, కూరలు పెంచుకోవాలి.
* కిడ్నీ జబ్బు ఉన్నవారికి పప్పు, కూరగాయలు ఎంత ఇవ్వాలో డాక్టరుగారు చెప్పాలి. అడగకుండా పెట్టవద్దు.
* పక్షవాతం వచ్చి మింగడం కష్టమైన వారికి పలుచని నీరు, ముక్కలు కలిసిన సూప్ ప్రమాదం. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఏ విధంగా పెట్టాలో ముందు సిస్టరును అడగండి.
* మాంసం, గుడ్లు, పాలు పూర్తిగా మానినవారికి బి12 విటమిన్ ఈ సూప్ వలన రాదు. అందుకు డాక్టరు సలహా అవసరం.

రోగికి వేరే వంట అక్కరలేదు. ఇదే గిన్నెలోనిది ఇంటిల్లిపాదీ తినవచ్చు. తోటివారితో కూర్చుని తింటే, నోరు సహించదనే రోగి కూడా మరో రెండు గరిటెలు తింటారు.