అరకులో ఎకరం కొంటారా?

విశాఖలో నలుగురు మధ్యతరగతి వాళ్లు కలిస్తే ఎప్పుడో ఒకప్పుడు అరకు మాట రాకమానదు. ఎకరం కాఫీ తోట, అందులో రెండు కాటేజీలు, శనివారం వెళ్లి ఆదివారం రాత్రికి తిరిగి రావడం. ఆ వెనకే మధ్యవర్తి ప్రత్యక్షమవుతాడు: 'రిజిస్ట్రేషన్ అవదండీ, నిజమే. ఇక్కడి గిరిజనుడి పేరున కొనేసి, మీకు అగ్రిమెంటు రాయించి ఇస్తా. అందరూ అలాగే చేస్తున్నారు.'

ఆ మాట నమ్మితే డబ్బు పోయినట్టే.

అరకు షెడ్యూల్డు ప్రాంతం, అంటే ఏజెన్సీ. ఇలాంటి ప్రాంతాల భూబదిలీకి మన రాష్ట్రంలో 1959లోనే ఒక రెగ్యులేషన్ ఉంది. 1970లో దాన్ని బిగించారు. ఏజెన్సీలో ఎవరినడిగినా 1/70 చట్టం అని చెబుతారు. దీని ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుడి పేరుకు మారడం చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడైనా, గిరిజనేతరుడైనా ఒకటే. కౌలు, తాకట్టు, దానం, మారకం కూడా బదిలీలే. వాటి గురించి రాసుకున్న ఒప్పందం సైతం బదిలీగానే లెక్క. అంటే మధ్యవర్తి మీ చేతిలో పెట్టే అగ్రిమెంటు మీ హక్కుకు రుజువు కాదు, మీరు చట్టం దాటారనడానికి రుజువు. 'ముప్ఫై మూడేళ్ల లీజు' అన్నదీ అంతే. బినామీ పేరున కొంటే కేంద్ర బినామీ చట్టం కింద ఆస్తినే ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు. ఇలాంటి ఒప్పందం మీద ఇచ్చిన సొమ్ము వెనక్కి ఇప్పించమంటే కోర్టులు సాధారణంగా ఆసక్తి చూపవు.

ఇంకో మెలిక ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి ఆధీనంలో భూమి కనిపిస్తే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవలసిన భారం ఆ గిరిజనేతరుడిదే. గిరిజన సోదరులకు ఇది పెద్ద అండ. భూమి తిరిగి ఇప్పించమని స్పెషల్ డిప్యూటీ కలెక్టరుకు అర్జీ పెట్టవచ్చు. అర్జీ లేకపోయినా అధికారి తనంతట తాను కేసు చేపట్టవచ్చు.

ఇంత కట్టుదిట్టమైన చట్టం ప్రభుత్వానికీ వర్తిస్తుందా? ఈ ప్రశ్న పుట్టింది మన బొర్రా గుహల దగ్గరే. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల పల్లెల్లో కాల్సైట్ వంటి ఖనిజాల తవ్వకానికి ప్రభుత్వం ప్రైవేటు వాళ్లకు లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది, హైకోర్టులో ఓడింది, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జూలైలో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరి మెజారిటీతో తీర్పు వచ్చింది: 1/70లో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా. కాబట్టి షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమినైనా, అటవీ భూమినైనా గిరిజనేతర కంపెనీకి లీజుకివ్వడం కుదరదు. తవ్వితే ప్రభుత్వ సంస్థ తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘం తవ్వాలి. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు రోడ్లు, నీళ్లు, బడి, వైద్యం కోసం విడిగా ఉంచాలి.

తీర్పు గొప్పదే, కానీ అందులో ఒక తలుపు తెరిచే ఉంది. ప్రభుత్వ సంస్థ తవ్వి, రాయిని ప్రైవేటు ఫ్యాక్టరీకి అమ్మితే? బాక్సైట్ కథ ఆ తలుపులోంచే వచ్చింది. కొండ మీద రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వకం, మైదానంలో ప్రైవేటు అల్యూమినా ఫ్యాక్టరీ, ఇదీ ఏర్పాటు. మాకవరపాలెం ఫ్యాక్టరీ ఆ ఆశతో కట్టిందే. 2015 నవంబరులో చింతపల్లి వైపు జెర్రెల అడవిలో 1,212 హెక్టార్లు ఆ సంస్థకు అప్పగిస్తూ 97వ నంబరు జీవో వచ్చింది. ఏజెన్సీ అంతా లేచింది. 2019లో జీవో రద్దయింది. జీవోతో పోయింది మరో జీవోతో రావచ్చు. అందుకే గ్రామసభ కాగితాల మీద నాకు పట్టుదల ఎక్కువ.

షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం అక్కడ భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. చిన్నతరహా ఖనిజాల లీజుకైతే వాటి ముందస్తు సిఫార్సే కావాలి. చాలామందికి తెలియని సంగతి, 2015లో కేంద్రం కాల్సైట్‌ను చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చింది. అంటే బొర్రా ప్రాంతంలో ఎవరు కాల్సైట్ లీజు కోరినా గ్రామసభ లేదా పంచాయతీ మాట ముందుండాలి. ఇక 2006 అటవీ హక్కుల చట్టం కింద జరిగే గ్రామసభకు కోరం సగం మంది, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. తీర్మానం పుస్తకంలో రాయించండి, సంతకాలు, వేలిముద్రలు వేయించండి, నకలు తీసి ఊళ్లోనే ఉంచండి. ఖాళీ కాగితం మీద మాత్రం వేలిముద్ర వేయకండి. 2013లో ఒడిశా నియమగిరి మీద బాక్సైట్ తవ్వకం సంగతి సుప్రీంకోర్టు గ్రామసభలకే వదిలితే, పన్నెండు గూడేలూ వద్దన్నాయి. ఆ తవ్వకం ఆగిపోయింది.

కొండల గొడవ నగరానికెందుకు అనుకునేవాళ్లు కొత్తవలస-కిరండూల్ రైలు లైను చూడాలి. బైలదిలా ఇనుప ఖనిజం అరకు మీదుగా దిగేది దాని మీదే. ఒడిశాలోని దామన్‌జోడి అల్యూమినా కూడా మన రేవు నుంచే ఓడ ఎక్కుతుంది. ఈ ఊరి జీతాల్లో కొండల వాటా ఎంతో ఉంది.

ఒక జాగ్రత్త. 1/70 షెడ్యూల్డు ప్రాంతానికే పరిమితం. పాత విశాఖ జిల్లాలో పాడేరు, అరకు, చింతపల్లి సహా పదకొండు మండలాలు దాని కిందికి వస్తాయి. ఇప్పుడవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. దేవరాపల్లి, రావికమతం లాంటి మైదాన మండలాల గిరిజన పల్లెలకు ఈ రక్షణ లేదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం వాళ్లకూ వర్తిస్తుంది: 2005 డిసెంబరు 13కు ముందు నుంచి పోడు చేసుకుంటున్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్ల వరకు హక్కు పొందే వీలుంది. దరఖాస్తు తేలేవరకు ఖాళీ చేయించకూడదు. తిరస్కరిస్తే ఆ ఉత్తర్వు రాతపూర్వకంగా అడిగి తీసుకుని, 60 రోజుల్లో పైకమిటీకి వెళ్లాలి.

లాయరు ఫీజు గురించి వెనకాడనక్కర్లేదు. గిరిజనులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.