గురువు నేర్చుకున్న పాఠం

పరదేశానికి వెళ్ళి తన భాష నేర్పే ఉపాధ్యాయునికి రెండు బడులు ఉంటాయి. మొదటి బడిలో ఆయన గురువు. గంట కొట్టి అది మూసిన తరువాత రెండవ బడి మొదలవుతుంది. అందులో ఆయనే విద్యార్థి. లాఫ్కాడియో హెర్న్ జీవితం ఇందుకు చక్కని ఉదాహరణ.

హెర్న్ 1850లో నేటి గ్రీసు దేశానికి చెందిన లెఫ్కాడా ద్వీపంలో పుట్టాడు. తల్లి గ్రీకు స్త్రీ. తండ్రి ఐర్లండు దేశస్థుడు. పసితనంలోనే తల్లిదండ్రులిద్దరికీ దూరమై బంధువుల ఇంట పెరిగాడు. పదహారవ ఏట బడి ఆటస్థలంలో దెబ్బ తగిలి ఎడమకంటి చూపు పోయింది. 1869లో అమెరికా చేరి, పేదరికంతో పోరాడి, పత్రికా విలేఖరిగా పేరు తెచ్చుకున్నాడు. 1890లో జపానును గురించి వ్యాసాలు రాయడానికి వచ్చాడు. కొద్దికాలానికే తనను పంపిన పత్రికతో సంబంధం తెంచుకున్నాడు. బతుకుతెరువు కోసం మత్సుయె అనే చిన్న పట్టణంలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడుగా చేరాడు.

అప్పటికి ఆయనకు జపాను భాష రాదు. పిల్లలకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఆయన వారిచేత చిన్న చిన్న వ్యాసాలు రాయించేవాడు. తప్పులు దిద్దడంతో ఊరుకోక, ఆ వాక్యాల వెనుక పిల్లల ఆలోచన ఏమిటా అని చూసేవాడు. పిల్లలు ఆయన ఇంటికి వచ్చి కబుర్లు చెప్పేవారు. అక్కడే కొయిజుమి సెత్సు అనే యువతిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెది ఒకప్పుడు గౌరవంగా బతికి, చితికిపోయిన యోధుల కుటుంబం.

మత్సుయె చలి ఆయన ఒంటికి పడలేదు. అందువల్ల 1891 నవంబరులో దక్షిణాన క్యూషూ ద్వీపంలోని కుమమోతో నగరానికి మారాడు. 1877 నాటి అంతర్యుద్ధంలో ఆ ఊరు తగలబడి, మళ్ళీ లేచింది. అక్కడి విద్యార్థులు వయసు వచ్చినవారు, మితభాషులు. మత్సుయె పిల్లల వలె ఇంటికి వచ్చేవారు కారు. హెర్న్‌కు ఒంటరితనం తోచింది. కాని సెత్సు బంధువులు కూడా ఆయన జీతం మీదనే ఆధారపడి ఉన్నారు. ఉద్యోగం వదలడానికి వీలులేదు.

ఉదయం ఆరు గంటలకు గడియారం మోగగానే ఆయన దినచర్య మొదలయ్యేది. భార్య వచ్చి పాత మర్యాద ప్రకారం వంగి నమస్కరించి లేపేది. నిప్పుల కుంపటి పక్కకు జరుపుకొని పరుపు మీదనే కాసేపు కూర్చునేవాడు. ఇంట్లో పెద్దలు దేవుని మందసం ముందు దీపం పెట్టేవారు. ఫలహారం కాగానే మనిషి లాగే రిక్షా గుమ్మంలోకి వచ్చేది. బడిలో తెల్లదొరల దుస్తులు, ఇంటికి రాగానే జపాను దుస్తులు. ఇలా రోజుకు రెండుసార్లు ఆయన ఒక లోకం నుంచి మరొక లోకంలోకి అడుగుపెట్టేవాడు.

ఆ కళాశాల ఆవరణలో తక్కిన భవనాలకు భిన్నంగా, జపాను పద్ధతిలో కట్టిన ఒక పెద్ద శాల ఉండేది. అందులో బల్లలు లేవు, కుర్చీలు లేవు. నేల నిండా నూరు చాపలు మెత్తగా పరచి ఉండేవి. అది జుజుత్సు అనే మల్లవిద్య నేర్పే శాల. విద్యార్థులు వట్టికాళ్ళతో లోపలికి వచ్చి, జంటలు జంటలుగా కలియబడేవారు. ఎవరు పడినా, ఎవరు పడవేసినా చూసేవారు నవ్వకూడదు, మాట్లాడకూడదు, ముఖంలో ఏ భావమూ చూపకూడదు. ఇది అక్కడి నియమం. నలభై దాటిన ఒంటికంటి హెర్న్ కుస్తీకి దిగలేదు. చూస్తూ నిలబడ్డాడు. చూసినదాని గురించి ఆలోచించాడు.

ఆ విద్యార్థులలో ఒకడు మహాబలుడు. అతనికి నేర్పడమే తనకు కష్టంగా ఉన్నదని గురువు చెప్పినప్పుడు హెర్న్ ఆశ్చర్యపోయాడు. కారణం అడిగాడు. ఆ కుర్రవాడు తన కండబలాన్ని నమ్ముకొని దానినే వాడుతున్నాడట! ఎదుటివాని బలాన్ని ఉపయోగించుకోవడం ఈ విద్యలోని రహస్యం. తన బలం చూపేవాడికి అది పట్టుబడదు.

అప్పుడు ఆ కళాశాలకు అధ్యక్షుడు కానో జిగొరో. ఆయన బాల్యంలో బక్కపలుచని పిల్లవాడు. తోటివారి చేత దెబ్బలు తిన్నవాడు. అందుకే మల్లవిద్య నేర్చాడు. పాత జుజుత్సులోని ప్రమాదకరమైన పట్లను వేరుచేసి, మిగిలినదానిని క్రమబద్ధం చేసి 1882లో టోక్యోలో జూడో నేర్పసాగాడు. జూడో అంటే మెత్తదనపు మార్గం. దాని సూత్రాన్ని ఆయన లెక్కతో వివరించేవాడు. ఎదుటివాని బలం పది పాళ్ళు, నా బలం ఏడు పాళ్ళు అనుకుందాం. అతడు తోసినప్పుడు నేనూ తోస్తే ఓడిపోతాను. తోసినంత మేరకు వెనక్కు జరిగితే అతడు తూలిపోతాడు. తూలినవానికి మిగిలేది మూడు పాళ్ళే. నా ఏడు పాళ్ళూ నా దగ్గరే ఉన్నాయి!

హెర్న్‌కు ఇందులో జపాను దేశమే కనిపించింది. పడమటి దేశాలు ఓడలతో, ఫిరంగులతో తలుపు తట్టినప్పుడు జపాను వారి రైలును, తంతిని, వైద్యాన్ని, యుద్ధవిద్యను నేర్చుకుంది. ఇంటినీ, ఇంటి మర్యాదనూ మార్చుకోలేదు. ఈ భావంతో ఆయన రాసిన వ్యాసం 1895లో వెలువడిన ఆయన పుస్తకంలో ఉంది.

హెర్న్ చివరివరకూ జపాను భాషలో పండితుడు కాలేదు. భార్యాభర్తలు తమకు మాత్రమే తెలిసిన కలగాపులగపు మాటలతో సంసారం సాగించారు. సెత్సు రాత్రివేళ పాత కథలు చెప్పేది. పుస్తకం చూసి చదవవద్దని, నీ సొంత మాటల్లో చెప్పమని ఆయన పట్టుబట్టేవాడు. ఆ కథలే ఇంగ్లీషులో ‘క్వైదాన్’ అనే పుస్తకంగా 1904లో వచ్చాయి. 1896లో ఆయన జపాను పౌరుడై కొయిజుమి యకుమో అనే పేరు పెట్టుకున్నాడు. 1904 సెప్టెంబరులో టోక్యోలో కన్నుమూశాడు.

జూడో 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో చేరింది. అప్పుడు బరువు నియమం లేని పోటీలో జపాను వీరుని ఓడించినవాడు హాలెండు దేశస్థుడు ఆంటన్ గేసింక్. శ్రద్ధగా నేర్చినవానికి విద్య సొంతమవుతుంది. అయితే తన కాళ్ళ మీద తాను నిలబడడం తెలిసినవాడే, పరాయి విద్యను భయం లేకుండా అందుకోగలడు.

అర్థాలు

మితభాషి = తక్కువగా మాట్లాడేవాడు
మందసం = పెట్టె; ఇక్కడ దేవుని గూడు
తంతి = టెలిగ్రాఫు
కలగాపులగం = అన్నీ కలిసిపోయినది

ప్రశ్నలు

1. బలవంతుడైన విద్యార్థికి జుజుత్సు నేర్పడం ఎందుకు కష్టమైంది?
2. కానో చెప్పిన పది పాళ్ళ, ఏడు పాళ్ళ లెక్కను మీ సొంత మాటల్లో వివరించండి.
3. సెత్సును పుస్తకం చూడకుండా కథ చెప్పమని హెర్న్ ఎందుకు కోరి ఉంటాడు?
4. మీ ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష వినిపిస్తాయి కదా! వీధి భాష నుంచి మీరు నేర్చుకున్నవి ఏవి? ఇంటి భాషలో నిలుపుకొన్నవి ఏవి? పది వాక్యాలు రాయండి.