కుందేలును తెచ్చే ముందు

కుందేలు కావాలని పిల్లలు ఒకసారి పట్టుపట్టారంటే అన్నం దగ్గరా అదే మాట, హోంవర్కు దగ్గరా అదే మాట. సరే, తెద్దాం, కానీ షాపులో కొనకుండా జంతు సంరక్షణ కేంద్రం నుంచి దత్తత తీసుకుందాం అని మీరు అనుకుంటున్నారంటే, అది మంచి ఆలోచనే. ఎవరో ముచ్చటపడి కొనుక్కుని, మోజు తీరాక వద్దనుకున్న కుందేళ్లు అలాంటి చోట్లకు చేరుతుంటాయి. ఇది మన ఊళ్లకే పరిమితమైన బాధ కాదు. అమెరికాలో ఇలా వదిలేసిన కుందేళ్లను కాపాడటానికే 1988లో హౌస్ రాబిట్ సొసైటీ పుట్టింది.

అయితే ఒక మాట ముందే చెప్పుకోవాలి. కుందేలును తెస్తే పిల్లలకు బాధ్యత అలవడుతుందని మనలో చాలామందికి ఆశ. కానీ బాగా చూసుకుంటే కుందేలు 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. ఈరోజు ఒకటో తరగతి చదువుతున్న పాప ఇంటర్‌కు వచ్చేనాటికీ అది మన ఇంట్లోనే ఉండొచ్చు. ఆరేళ్ల పిల్ల అంత పెద్ద మాట ఇవ్వలేదు. ఇవ్వాల్సింది మనమే. పాప నీళ్ల గిన్నె నింపుతుంది, ఆకులు కడుగుతుంది. బాధ్యత మాత్రం మనదే.

ఆ బాధ్యత భయపడేంత పెద్దదేమీ కాదు, కానీ రోజూ ఉంటుంది. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, నమిలితేనే అరుగుతాయి. అందుకే ఎండుగడ్డి రోజంతా ముందుండాలి. క్యారెట్ తీపి వస్తువు, ఎప్పుడైనా చిన్న ముక్క చాలు. ఒక పూట ఏమీ ముట్టకుండా ముడుచుకుని కూర్చుంటే తెల్లారాక చూద్దాం అనుకోవద్దు, వెంటనే డాక్టరుకు చూపించాలి. కుందేళ్లకు వైద్యం చేసే డాక్టరు ఎక్కడున్నారో ముందే కనుక్కోండి. 30 డిగ్రీలు దాటితే చాలు, దానికి వేడి కష్టం. మన వేసవిలో బాల్కనీలో పంజరం పెట్టడం కుదరదు, ఇంట్లో చల్లని చోటే ఉంచాలి.

ఇక పాప మనసు సంగతి. ఒళ్లో బొమ్మలా పడుకునే కుందేలును ఊహించుకుని ఉంటుంది. వచ్చిన కుందేలేమో మంచం కింద దూరుతుంది. ఎత్తుకుంటే గింజుకుంటుంది. అలా గింజుకుని తన్నుకున్నప్పుడు దాని వెన్నెముకే విరగొచ్చు. "దానికి నేనంటే ఇష్టం లేదు" అని పాప మొహం చిన్నబుచ్చుకుంటే నవ్వి ఊరుకోకండి. "నువ్వంటే భయం కాదమ్మా, పైకెత్తితే భయం" అని చెప్పండి. చేతికి కొత్తిమీర రెబ్బ ఇచ్చి, నేల మీద కదలకుండా కూర్చోమనండి. కాసేపటికి అది వెనక కాళ్లు అక్కడే ఉంచి, ఒళ్లంతా సాగదీసి, ముక్కు అదురుతుండగా ఆకు కొస అందుకుంటుంది. లాక్కుని మళ్లీ పరుగు. ఇంకోరోజు కాస్త దగ్గరకొస్తుంది. ఎదుటివాళ్లకు ఇష్టమయ్యేదాకా ఆగడం కూడా ప్రేమేనని పాపకు అక్కడే తెలుస్తుంది.

ఏదో ఒకరోజు పాప అడుగుతుంది: "దీన్ని వాళ్లెందుకు వదిలేశారు?" ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉండొచ్చు: నేను అల్లరి చేస్తే? "వాళ్లు చూసుకోలేకపోయారు. తప్పు కుందేలుది కాదు" అని నిజమే చెప్పండి. అందుకే "చదవకపోతే కుందేల్ని ఇచ్చేస్తాం" అనే మాట మన నోట రాకూడదు. పిల్ల బాగుపడాలనే మనం అంటాం. పిల్లకు మాత్రం, మాట వినకపోతే ఈ ఇంట్లో చోటు ఉండదని వినపడుతుంది. మార్కులకు బహుమతిగా తేవడమూ అంతే. అలా వచ్చింది అలాగే పోతుందేమోనన్న బెంగ మిగులుతుంది.

కాబట్టి దత్తత కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆలుమగలిద్దరూ కూర్చుని తేల్చుకోండి. పాపకు మోజు తీరిపోయినా మనం చూసుకుంటామా? చూసుకుంటామంటే నిశ్చింతగా తెచ్చుకోండి. లేదంటే, ఇప్పుడు వద్దని కారణం చెప్పండి. పాప ఏడుస్తుంది, పక్కన కూర్చోండి. తెచ్చి మళ్లీ వదిలేస్తే కలిగే దుఃఖం కన్నా ఆ ఏడుపు చాలా చిన్నది.