పసిబిడ్డకు మొదటి బడి
పఠనభాగము: నిర్గమకాండము 2:1–11

యోకెబెదు తన సొంత బిడ్డను పెంచుటకు ఫరో కుమార్తె యొద్ద జీతము పుచ్చుకొనెను. పాలు విడిచిన పిమ్మట బిడ్డను రాజగృహమునకు అప్పగింపవలెను. ఆమెకు దొరికినది ఆ కొద్దికాలమే. మోషే ఐగుప్తీయుల విద్యలన్నియు నేర్చెను (అపొ. కార్య. 7:22). అయినను పెద్దవాడైనప్పుడు, బరువులు మోయుచున్న హెబ్రీయులను తనవారిగా ఎంచి వారియొద్దకు వెళ్లెను. ఆ యెరుక రాజగృహములో అబ్బినది కాదని మా తలంపు.

యోకెబెదు బానిసజనములోని స్త్రీ. ఈ సంగతి మన తల్లులు గమనింపవలెను. మేము ఇండ్లు దర్శించునప్పుడు తరచుగా వినుమాట ఒకటి కలదు: “మేము వేలిముద్రవాళ్లమండీ అయ్యగారూ, బిడ్డకు మేమేం నేర్పగలం? అంగన్‌వాడీ టీచరమ్మే చూసుకోవాలి.” కొందరు దీనిని సోమరితనమందురు. మాకు ఇందులో సిగ్గే కనబడుచున్నది. బిడ్డ మెదడు ఎదుగుదలలో నూటికి 85 పాళ్లకు పైగా ఆరేండ్లలోపే జరుగునని 2020 జాతీయ విద్యావిధానములో వ్రాయబడియున్నది. ఆ యేండ్లలో బిడ్డ ఎవరి మాట ఎక్కువగా వినును? ఇంటివారి మాటయే గదా!

వేరుశనగకాయలు ఒలుచునప్పుడు, ఈ కాయలో ఎన్ని గింజలున్నవో చెప్పుమనిన అది లెక్క. బియ్యము చెరుగుచు, రాయి యేది, వడ్లగింజ యేది అని అడిగిన, పోల్చి చూచుట అలవడును. పొలము గట్టున కొంగను, తూనీగను చూపి పేరు చెప్పవచ్చును. అయితే అడిగిన తరువాత కొంచెము ఆగుడి. బిడ్డ మాట వెదకుకొనుచుండగానే మనము తొందరపడి చెప్పివేయుదుము. “అదేంటి, ఇదేంటి” అని పదిమారులు అడిగిన బిడ్డను కసిరితిమా, పదునొకండవమారు అడుగడు. తండ్రులు కూడ తప్పించుకొనరాదు. ద్వితీయోపదేశకాండము 6:7 చూడుడి. అందులో చెప్పిన వేళలలో ఒక్కదానికైనను పలక అక్కరలేదు.

సెల్‌ఫోను మాట. రెండేండ్లు నిండనివారికి తెర వద్దనియు, నాలుగేండ్లవరకు దినమునకు గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పెను. మంచి మాటయే. కాని నాట్లకు చీకటితో వెళ్లి, సాయంత్రము నడుము పట్టుకొని వచ్చి పొయ్యి రాజేయు తల్లి, ఏడ్చు బిడ్డ చేతికి ఫోను ఇచ్చిన, ఆమెను నిందించుటకు మాకు నోరు రాదు. యోకెబెదుకు జీతమైనను దొరికెను. ఈ తల్లికి సంఘమేమి ఇచ్చుచున్నది?

తిమోతికి అవ్వయైన లోయి యుండెను (2 తిమోతి 1:5). మన వీధులలోను అవ్వలున్నారు. నాట్లు, కోతల దినములలో స్త్రీల సమాజమువారు ఇద్దరిద్దరుగా పొద్దుగూకువేళ ఆ యింటికి వెళ్లి అన్నము వార్చిపెట్టినచో, తల్లి అరగంట బిడ్డతో కూర్చుండును. బోధ చేయనక్కరలేదు, తప్పులెన్ననే వద్దు. ఆరాధనలో బిడ్డ ఏడ్చినప్పుడు తల్లివైపు గుడ్లురుముట పెద్దలు మానినచో అదియు సాయమే.

వచ్చు గృహప్రార్థన కూటమునకు తలిదండ్రులిద్దరు బిడ్డలను వెంటబెట్టుకొని రండి. వేరుశనగకాయలు మేము తెచ్చెదము.