లవం ఆసుపత్రిలో, హారం ఊరిలో

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, సముద్రతీరం వెంబడి ఉద్దానం అనే ప్రాంతం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలోని ఊళ్ళు ఇందులోకి వస్తాయి. కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలతో ఎటు చూచినా పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం మధ్యనే ఎందరో రైతులు, కూలీలు మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్నారు. వ్యాధి ముదిరినవారు ఎన్నో ఏళ్ళపాటు విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి ప్రయాణం చేయవలసి వచ్చింది.

ఈ వ్యాధి సామాన్యంగా మధుమేహం వల్ల, రక్తపోటు వల్ల వస్తుంది. ఉద్దానం రోగులలో చాలామందికి ఆ రెండూ లేవు. మరి కారణం ఏమిటి? దీనిని వెదకడానికి పెద్ద ఆసుపత్రి ఒక్కటే ఎందుకు చాలదో తెలుసుకొందాం.

ఎంతమందిలో ఎంతమంది?

భిన్నంలో పైన ఉండేది లవం, క్రింద ఉండేది హారం అని మీరు చదువుకొన్నారు. ఒక ఊరి నుంచి 20 మంది, మరొక ఊరి నుంచి 40 మంది రోగులు ఆసుపత్రికి వచ్చారనుకోండి. ఏ ఊరిలో వ్యాధి ఎక్కువ? రెండవ ఊరిలో అని తొందరపడి చెప్పకండి. మొదటి ఊరిలో పెద్దవాళ్ళు 400 మంది, రెండవ ఊరిలో 4,000 మంది అయితే, మొదటిచోట నూటికి 5గురికి, రెండవచోట నూటికి ఒక్కరికే వ్యాధి ఉన్నట్లు.

ఆసుపత్రికి తెలిసేది లవం మాత్రమే. అదికూడా పూర్తిగా కాదు. దారిఖర్చులు లేక రానివారు, జబ్బు ఉన్నట్లే తెలియనివారు ఆ లెక్కలో ఉండరు. హారం ఊరిలో ఉంది. దానిని ఎరిగినది ఊరి ఆరోగ్య వ్యవస్థ.

గొలుసుకట్టు

భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక మన దేశంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు దారి చూపింది. మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలని ప్రమాణం. గిరిజన, కొండ ప్రాంతాలలో 20,000 మందికి, 3,000 మందికి ఒక్కొక్కటి ఉండాలి. ఏ ఇంట్లో ఎందరున్నారో, ఎవరు పొలానికి వెళతారో, ఏ బావి నీళ్ళు తాగుతారో అక్కడి నర్సుకు, ఆశా కార్యకర్తకు తెలుసు.

మూడు నెలల తరువాత మళ్ళీ

మన మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగట్టి, అందులో చాలా భాగాన్ని తిరిగి రక్తంలోకి పంపుతాయి. మిగిలిన లీటరున్నర మూత్రమవుతుంది. కండరాలలో తయారయ్యే క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం రక్తంలో పెరిగితే, వడపోత తగ్గినట్లు గుర్తు.

అయితే ఎండలో పనిచేసి నీళ్ళు తాగని మనిషికి కూడా ఆ రోజు క్రియాటినిన్ పెరగవచ్చు. అందుకే ఒక్క పరీక్షతో దీర్ఘకాల వ్యాధి అని తేల్చరు. కనీసం మూడు నెలలపాటు ఆ లోపం నిలిచి ఉండాలి. బయటినుంచి వచ్చిన పరిశోధకులు వారం రోజులు ఉండి వెళ్ళిపోతారు. మూడు నెలల తరువాత అదే మనిషిని, అదే ఇంటిలో వెదకి రెండవసారి రక్తం తీయించాలంటే ఊరి కార్యకర్త తోడు కావాలి.

పల్లె వైద్యుడి పరిశోధన

ఇంగ్లండులోని వెన్స్లీడేల్ లోయలో విలియం పికిల్స్ అనే పల్లె వైద్యుడు ఉండేవాడు. 1929లో అక్కడ కామెర్లు వ్యాపించాయి. ఎవరు ఎవరిని ఎప్పుడు కలిశారో, ఎవరికి ఏ రోజు జబ్బు కనిపించిందో ఆయన రాసిపెట్టుకొన్నాడు. వ్యాధి అంటిన తరువాత బయటపడడానికి సుమారు నెల పడుతుందని ఆ లెక్కలనుంచి తేల్చాడు. పట్నంలో ఎవరు ఎవరిని కలిశారో కనుక్కోవడం కష్టం. పల్లెలో అందరూ ఆయనకు తెలిసినవారే. 1939లో ఆయన ఈ విషయాలపై ప్రచురించిన పుస్తకం ప్రసిద్ధి పొందింది.

కలిసి పనిచేస్తేనే

ఉద్దానంలో 2017లో ప్రభుత్వం పెద్ద ఎత్తున రక్తపరీక్షలు చేయించింది. తరువాత పరిశోధకులు ఊళ్ళను, మనుషులను ఒక పద్ధతి ప్రకారం ఎంపికచేసి పరీక్షించారు. 2019, 2020లలో వెలువడిన ఫలితాల ప్రకారం పెద్దవాళ్ళలో దాదాపు ఐదుగురికి ఒకరిలో ఈ వ్యాధి లక్షణాలు కనిపించాయి. ఆసుపత్రి రిజిస్టర్లు చెప్పలేని మాట ఇది.

శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతులలోను, మధ్య అమెరికాలోని చెరకు కూలీలలోను ఇటువంటి వ్యాధే ఉంది. ఈ మూడింటిని పోల్చి చూడాలంటే అందరూ ఒకే రకం ప్రశ్నలు అడగాలి, ఒకే ప్రమాణానికి సరిచూచిన పరీక్షలు చేయాలి. ఒకరు గజాలలో, ఒకరు మూరలలో కొలిస్తే పోలిక కుదరదు కదా!

కారణం ఇంకా తేలలేదు. ఎండ వేడిమి, తాగునీటిలోని పదార్థాలు, పురుగుమందులు, నొప్పిమాత్రల వాడకం, వంశపారంపర్య లక్షణాలు — అన్నిటినీ పరిశీలిస్తున్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితోపాటు కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయింది.

ఒక్క సంగతి మరువరాదు. రక్తం ఇచ్చిన మనిషికి అది ఎందుకో ముందే చెప్పి, ఒప్పుకొంటేనే తీసుకోవాలి. ఫలితాన్ని తప్పక తెలియజేయాలి. ఈ వ్యాధి మొదట్లో నొప్పి చేయదు. ముందుగా తెలిస్తే జాగ్రత్తపడవచ్చు. ఇచ్చిన మాట తప్పితే రెండవసారి ఎవరూ చేయి చాచరు, అక్కడితో పరిశోధనా ఆగిపోతుంది.

మీరు చేసి చూడండి

ఒక నెలపాటు మీ బడిలో ప్రతి తరగతిలోను జ్వరం వల్ల రానివారిని రోజూ లెక్కించండి. పేర్లు రాయవద్దు. తరగతిలోని మొత్తం సంఖ్యతో భాగించి, నూటికి ఎందరో కట్టండి. ఎక్కువమంది రాని తరగతి, నూటికి ఎక్కువమంది రాని తరగతి ఒకటేనా? వేరైతే ఎందుకో మీ సైన్సు మాస్టారితో చర్చించండి.