చిన్న నావ – పెద్ద ప్రయాణం

తెరచాప నావపై సముద్రయానం చేయదలచిన దంపతులకు మొదటి పరీక్ష నావ ఎంపికలోనే ఎదురవుతుంది. ఇరువురిలో ఒకరు ఆరితేరినవారు, మరొకరు కొత్తవారు అయినప్పుడు ఆ ఎంపిక మరింత కఠినమవుతుంది.

లారీ పార్డే కెనడాకు చెందిన అనుభవజ్ఞుడైన నావికుడు. 1965లో కాలిఫోర్నియాలో ఆయనకు పరిచయమైన లిన్‌కు నౌకాయానంలో అనుభవం స్వల్పం. వారు పెద్ద నావను కోరలేదు. లైల్ హెస్ రూపకల్పన చేసిన 24 అడుగుల ‘సెరాఫిన్’ను స్వహస్తాలతో నిర్మించుకొని 1968లో నీట దించారు. దానికి యంత్రం లేదు, తెరచాపలే ఆధారం. ఆ నావపైనే సుమారు 11 ఏళ్లలో భూగోళాన్ని చుట్టివచ్చారు.

నావ పొడవు పెరిగినకొద్దీ తెరచాపలు, తాళ్లు, లంగరు, రేవు రుసుము – అన్నింటి ఖర్చూ పెరుగుతుంది. గాలి ఉధృతమైనప్పుడు పెద్ద తెరచాపను దించడానికి ఎక్కువ బలం కావాలి. అనుభవజ్ఞులు జబ్బుపడినా, ప్రమాదవశాత్తు నీటిలో పడినా చుక్కాని పట్టవలసినది రెండవవారే. వారు ఒంటరిగా తెరచాప దించి, నావను వెనుకకు మళ్లించగలరా అన్నదే ఎంపికకు గీటురాయి.

పాత నావ చౌకగా లభించినా, దాని అడుగుభాగాన్నీ తెరచాప స్తంభాన్నీ నిపుణులచేత పరీక్షింపజేయాలి. కొనుటకు ముందు దంపతులిద్దరూ దానిని ఒకరోజు నడిపి చూడాలి. ఆనాడు చుక్కాని కొత్తవారి చేతిలో ఉండాలి. ఆ చేతికి లొంగిన నావయే వారిరువురికీ క్షేమకరం. ఖర్చు రీత్యా కూడా తరచుగా అదే అందుబాటులో ఉంటుంది.