పెండ్లి పటం

భవభూతి మహాకవి రచించిన ఉత్తరరామచరిత నాటకంలో మొదటి అంకానికి చిత్రదర్శనమని పేరు. తండ్రి జనకుడు మిథిలకు మరలిపోగా దిగులుపడిన సీతకు ఊరట కలిగించడానికై లక్ష్మణుడు రాముని చరిత్రను చిత్రించిన పటాలను చూపుతాడు. అందులో మిథిలలో జరిగిన పెండ్లి ఘట్టం వస్తుంది. లక్ష్మణుడు సీతను చూపుతాడు, మాండవిని చూపుతాడు, శ్రుతకీర్తిని చూపుతాడు. తన భార్య ఊర్మిళ దగ్గరకు వచ్చేసరికి మాత్రం సిగ్గుతో ఊరకుంటాడు. మరి ఈమె ఎవరని సీత చిలిపిగా అడుగుతుంది. అదే పటంలో తమ పాణిగ్రహణాన్ని చూచిన రాముడు ఆ క్షణం మళ్ళీ ఎదుట నిలిచినట్లు పరవశిస్తాడు. పెండ్లి పటం గడచిన క్షణాన్ని తిరిగి తేగలదు. అయితే అందులో ఎవరిని చూపవలెనో, ఎవరిని దాటిపోవలెనో నిర్ణయించే చేయి ఒకటి ఉంటుంది. ఈ కాలంలో ఆ చేయి ఫోటోగ్రాఫరుది.

తిరుపతి జిల్లాలో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పరిధిలో 2008లో శ్రీ సిటీ పారిశ్రామిక నగరం ఏర్పడినది. 2022 ఏప్రిల్ వరకు ఇది చిత్తూరు జిల్లాలోనిది. తడ దగ్గర చెన్నై – కోల్‌కతా జాతీయ రహదారిని ఆనుకొని ఉండుటచేత చెన్నై ఇక్కడికి సుమారు యాభై అయిదు కిలోమీటర్లే. ఈ ప్రాంతంలోని ఒక మధ్యతరగతి కుటుంబాన్ని ఊహించుకొందాం. కూతురు శ్రీ సిటీలోని ఒక కర్మాగారంలో ఉద్యోగి. పెండ్లి కుదిరినది. ముహూర్తం తెల్లవారుజామున నాలుగు గంటలకు. ఫోటోల విషయంలో ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడినవి.

“నాయనా, చెన్నై వాళ్ళ ఫోటోలు చూడు, సినిమా మాదిరి ఉండాయి” అన్నది కూతురు.

“మన ఊరి స్టూడియో అబ్బాయి నీ చెవులు కుట్టినప్పటి నుంచి మనింట్లో తీస్తా ఉండాడు గదమ్మా” అన్నాడు తండ్రి.

మూలన కూర్చున్న అవ్వ, “ఎవురైనా సరే, నన్ను ఒక తూరి తీస్తారా?” అని అడిగినది. ఆమె పెండ్లికి ఫోటో లేదు.

చెన్నై సంస్థవారి పనితనంలో లోపం ఉన్నదని కాదు. కాని ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. తమిళుల వివాహాలలో సాధారణంగా తాళి కట్టే వేళయే ముహూర్తం. నాదస్వరం స్థాయి పెంచి గట్టిమేళం మ్రోగగానే కెమెరాలన్నీ ఆ మూడు ముళ్ళ మీదికి తిరుగుతాయి. అనేక తెలుగు కుటుంబాలలో సుముహూర్తం మాంగల్యధారణ కాదు, జీలకర్ర బెల్లం. వధూవరుల నడుమ అడ్డుతెర ఉండగానే ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం ఉంచుతారు. తెర తొలగగానే ఒకరినొకరు చూచుకుంటారు. ఆ చూపు ఒక్కసారే సంభవిస్తుంది. ఫోటో కొరకు తాళిని మళ్ళీ పట్టుకొనుమనవచ్చు, తలంబ్రాలు మళ్ళీ పోయుమనవచ్చు, తెర తొలగినప్పటి తొలిచూపును మాత్రం మళ్ళీ నటించుమనలేము. ఈ సంగతి తెలియని కెమెరా ఆ క్షణంలో అలంకరణ దీపాలను చిత్రిస్తూ ఉండవచ్చు. కనుక ఎవరినైనా మొదట అడుగవలసిన ప్రశ్న కెమెరా వెల గురించి కాదు. “మా ముహూర్తం ఏ క్షణమో మీకు తెలుసునా? తెర తీసేటప్పుడు మీరు ఎక్కడ నిలబడతారు?” అని అడుగవలెను. వరుని ముఖం ఒకవైపు, వధువు ముఖం మరొకవైపు ఉంటాయి. ఒక్క మనిషి రెండింటినీ పట్టుకొనలేడు. ఆ మాట తనంతట తానే చెప్పినవాడు అనుభవజ్ఞుడు.

ఇక నమూనా ఆల్బముల విషయం. ఏ స్టూడియోవారైనా వంద పెండ్లిండ్లలోని అత్యుత్తమమైన నలభై చిత్రాలను ఏర్చి చూపుతారు. వాటిని చూచి మురిసిపోవుట విత్తనాల సంచి మీది బొమ్మను చూచి పంట దిగుబడిని లెక్కించుట వంటిది. అడుగవలసినది ఒకే పెండ్లి ఆల్బమ్, మొదటి పుట నుండి చివరి పుట వరకు. అదీ రాత్రి ముహూర్తపు పెండ్లి అయితే మరీ మంచిది. తెల్లవారుజామున సహజకాంతి ఉండదు. హోమధూమం కమ్ముకొంటుంది. వేదిక వెనుక రంగురంగుల విద్యుద్దీపాలు వధూవరుల ముఖాలను ఊదాగానో పచ్చగానో మారుస్తాయి. అటువంటి చోట చామనచాయ ముఖాన్ని ఆ చాయలోనే నిలిపినాడా, లేక పిండి పూసినట్లు తెల్లబరచినాడా అన్నది గమనించవలెను. ముఖవర్చస్సును మార్చి ఇచ్చే ఫోటోగ్రాఫర్లు నేడు కొల్లలు. దానిని కోరి పుచ్చుకొనే కుటుంబాలూ తక్కువ కాదు. ఇది విచారింపదగిన అలవాటు.

ఫిల్ము వాడిన రోజులలో ఒక రీలుకు ముప్పదియారు చిత్రాలు మాత్రమే. మీట నొక్కే ముందు ఫోటోగ్రాఫరు ఆలోచించేవాడు. డిజిటల్ కెమెరా వచ్చిన తరువాత ఒక్క పెండ్లికి వేల చిత్రాలు తీయుట సాధారణమైనది. ఆ వేలల్లో నుండి ఏరుట కొత్త భారమైనది. కొందరు ఆ ఏరే పనిని పెండ్లివారికే వదిలివేస్తారు, తీరిక లేని కొత్త దంపతులకు ఏండ్లు గడచినా ఆల్బమ్ తయారు కాదు. మరొక ప్రమాదం కూడా ఉన్నది. ఫిల్ము చెడితే ఒక రీలు పోయేది. ఇప్పుడు ఒక చిన్న మెమరీ కార్డు చెడితే పెండ్లి మొత్తం పోతుంది. ప్రతి చిత్రాన్నీ ఒకేసారి రెండు కార్డులపై నమోదు చేసే కెమెరాలు ఉన్నవి. అటువంటిది వాడుతున్నారా, పెండ్లి ముగిసిన రాత్రే మరొక చోట ప్రతిని భద్రపరుస్తారా అని అడుగుట అనుమానించుట కాదు.

వధువును అలంకరించే గదిలో తీసే చిత్రాల విషయమూ ఆలోచింపదగినదే. హైదరాబాదులో ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా లాలా దీన్‌దయాళ్ 1890ల తొలినాళ్ళలో ఘోషా స్త్రీల కొరకు ప్రత్యేకంగా జెనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించినాడు. ఎదుట ఉన్నవారికి సంకోచం లేనప్పుడే ముఖంలో జీవం కనిపిస్తుంది. నేడు మహిళా ఫోటోగ్రాఫర్లు అనేకులు ఉన్నారు. బృందంలో ఒకరైనా ఉండవలెనని వధువు కోరుట సమంజసమే.

డబ్బు మాట వచ్చినప్పుడు ఈ ప్రాంతంవారికి నారాయణవనం గుర్తుకు రాక మానదు. ఆకాశరాజు కుమార్తె పద్మావతిని శ్రీనివాసుడు వివాహమాడినది అక్కడేనని స్థలపురాణం. ఆ పెండ్లి ఖర్చుకు కుబేరుని వద్ద అప్పు చేసినాడని, వడ్డీ ఇంకా తీరలేదని జనశ్రుతి. దేవునికైనా పెండ్లి అప్పు తప్పలేదని నవ్వుకొనవచ్చును గాని, పెండ్లికి ముందటి షూటింగు, డ్రోను కెమెరా, తెరలపై ప్రత్యక్ష ప్రసారం అంటూ పెరిగే జాబితాకు సంతకం చేసే తండ్రికి నవ్వు రాదు. జాబితాలోని ప్రతి అంశానికీ విడివిడిగా ధర అడుగుట మేలు. డ్రోను విషయంలో 2021 నాటి డ్రోన్ నియమావళి ప్రకారం ఎరుపు మండలంగా గుర్తించిన చోట కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగురవేయరాదు. పులికాట్ సరస్సుకు ఆవల శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఉన్న ఈ ప్రాంతంలో ఆకాశపటాన్ని ముందుగా చూచుకొనుట తప్పనిసరి.

బయానా ఇచ్చే ముందు ఒప్పందాన్ని కాగితంపై రాసుకొనవలెను. వచ్చేది ఎవరు, ఎన్ని గంటలు ఉంటారు, ఆల్బములో ఎన్ని పుటలు, ఏ తేదీకి ఇస్తారు అన్నవి అందులో ఉండవలెను. పేరున్నవాని నమూనాలు చూపి, ముహూర్తానికి అతని శిష్యుని పంపే పద్ధతి ఈ వృత్తిలో లేకపోలేదు. మరొక నిబంధనను చాలామంది చదువకుండానే సంతకం చేస్తారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం, ప్రతిఫలం చెల్లించి తీయించుకొన్న ఫోటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకొన్నవారే తొలి హక్కుదారులు. “వేరే ఒప్పందం లేనప్పుడు” అన్న ఆ మూడు మాటలలోనే చిక్కంతా ఉన్నది. ప్రచారానికి చిత్రాలను వాడుకొనే హక్కు తమదేనని స్టూడియో కాగితంలో చిన్న అక్షరాలలో ఉంటే, పెండ్లికూతురి ముఖం ఆమె అనుమతి లేకుండానే ప్రకటనగా మారవచ్చు. ఆ వాక్యాన్ని కొట్టివేయుమని అడిగే హక్కు ఆమెకు ఉన్నది.

చిత్రాలు అందకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేండ్లలోపు జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. స్టూడియో చెన్నైలో ఉన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల రూపాయలకు మించకపోతే రుసుము లేదు. పరిహారం ఇప్పించిన ఉదంతాలూ ఉన్నవి. తొలగిన తెరను మాత్రం ఏ కమిషనూ తిరిగి కట్టలేదు. ఫోటో ఉపయోగం జ్ఞాపకానికే పరిమితం కాదు. హిందూ వివాహానికి శాస్త్రోక్తమైన క్రియాకలాపం జరిగి ఉండవలెనని, వివాదం వస్తే అది జరిగినట్లు రుజువు కావలెనని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. సప్తపది చిత్రం ఒకటి స్పష్టంగా ఉండుట అందుకైనా అవసరం.

ఊహించుకొన్న ఆ ఇంట్లో చివరకు ఊరి స్టూడియో అబ్బాయికే పని అప్పగించినారు. వధువు వైపు నిలబడడానికి అతడు తిరుపతి నుండి మరొక ఫోటోగ్రాఫరును పిలుచుకొన్నాడు. తండ్రి ఒక కాగితంపై పదునాలుగు పేర్లు రాసి అతని చేతికిచ్చినాడు. వేదిక ఎక్కలేని తాత, వంటశాల విడిచి రాని పెద్దత్త, పక్క ఊరి నుండి తెల్లవారకముందే నడిచి వచ్చే మేనమామ అందులో ఉన్నారు. ఎవరు ఎవరో చూపడానికి మేనత్త కొడుకు ఫోటోగ్రాఫరు వెంట తిరిగినాడు. జాబితాలో మొదటి పేరు అవ్వది. ఆల్బమ్ పుటలకు వెనుకవైపు ఖాళీ ఉండదు గనుక ఇరవై చిత్రాలను విడిగా అచ్చు వేయించి, ఒక్కొక్కదాని వెనుక పేరు, వరుస, ఊరు పెన్సిలుతో రాసినది పెండ్లికూతురు.